38 ఏళ్ల రీవ్స్‌కి షార్క్స్ పన్నెండు మందిలో చోటు ఇవ్వాలా? (ఐస్ హాకీ ఫోరం, 2025-26 సీజన్‌కి ముందు జరిగిన చర్చ)

శ్రీకర్_టీల్:
2025 జులైలో మన శాన్ హోసే షార్క్స్ జనరల్ మేనేజర్ మైక్ గ్రియర్, డిఫెన్స్‌మన్ హెన్రీ త్రన్‌ని టొరంటోకి ఇచ్చి ర్యాన్ రీవ్స్‌ని తెచ్చాడు. రీవ్స్‌కి 38 ఏళ్లు, జనవరిలో 39 వస్తాయి. కాంట్రాక్టులో మిగిలింది 2025-26 ఒక్కటే, 13.5 లక్షల డాలర్లు. క్యాంప్ మొదలవబోతోంది కాబట్టి సూటిగా అడుగుతున్నా: మ్యాచ్ రోజున దిగే 12 మంది ఫార్వర్డ్స్‌లో (దాడి చేసే ఆటగాళ్లలో) అతను ఉండాలా, వద్దా?

ఉండాలనే నా మాట. పోయిన సీజన్ 52 పాయింట్లతో లీగ్‌లో అట్టడుగున ఉన్నాం. మనకున్న ఆస్తంతా కుర్రాళ్లే. 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) చేసిన సెలబ్రీనికి 19 ఏళ్లు, విల్ స్మిత్‌కి 20, మైకేల్ మిసాకి 18. వీళ్లని బోర్డులకేసి (మంచు చుట్టూ ఉండే గోడకేసి) గుద్దిపోయేవాణ్ణి నిలదీసే మనిషి ఒకడు జట్టులో ఉండాలి. ఎడ్మంటన్‌లో దిగ్గజం గ్రెట్జ్‌కీ పక్కన కాపలాగా ముందు సెమెంకో, తర్వాత మెక్‌సోర్లీ ఉన్నారు. 1988లో లాస్ ఏంజెలెస్‌కి వెళ్తూ గ్రెట్జ్‌కీ మెక్‌సోర్లీని వెంట తీసుకెళ్లాడు. అంతటివాడికే ఆ అవసరం కనిపించింది.

బ్లూలైన్_హరిణి:
శ్రీకర్ గారూ, 1988 నాటి రూల్ ఇప్పుడు లేదు. ఇప్పుడు కొట్లాట మొదలుపెట్టినవాడికి ఇన్‌స్టిగేటర్ కింద 2 నిమిషాలు, ఫైటింగ్‌కి 5, మిస్‌కాండక్ట్ 10 పడుతున్నాయి. మొత్తం 17 నిమిషాలు మీ మనిషి బయట, పైగా అవతలివాళ్లకి పవర్ ప్లే, అంటే ఒక మనిషి ఎక్కువగా ఆడే అవకాశం. అదే చివరి ఐదు నిమిషాల్లో చేస్తే ఒక మ్యాచ్ నిషేధం, కోచ్‌కి 10,000 డాలర్ల జరిమానా. అందుకే ఈ రోజుల్లో ఫైట్ జరగాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. సెలబ్రీనిని గుద్దినవాడు రీవ్స్ పిలిస్తే ఎందుకొస్తాడు? వాళ్ల ఫైటర్ వస్తాడు. ఇద్దరు బరువైన మనుషులు కొట్టుకుంటారు, చెరో ఐదు నిమిషాలు కూర్చుంటారు, ఆట ఐదుగురితో ఐదుగురుగా సాగిపోతుంది. తప్పు చేసినవాడికి ఏమీ కాదు.

ఇంకో సంగతి. సెలబ్రీని మ్యాచ్‌కి 20 నిమిషాలు ఆడతాడు. రీవ్స్‌కి దొరికేది ఏడెనిమిది, అదీ నాలుగో లైన్‌లో (ముగ్గురు ఫార్వర్డ్స్ కలిస్తే ఒక లైన్). ఇద్దరూ ఒకేసారి మంచు మీద ఉండరు. దెబ్బ తగిలినప్పుడు రీవ్స్ బెంచీ మీదే ఉంటాడు. కొట్లాటకి బెంచీ దిగి వచ్చిన మొదటివాడికి 10 మ్యాచ్‌ల నిషేధం. మరి కాపలా ఎక్కడుంది?

శ్రీకర్_టీల్:
ఆ క్షణంలో కాకపోతే తర్వాతి షిఫ్ట్‌లో, అంటే మళ్లీ మంచు మీదికి దిగే విడతలో. "ఇవాళ రీవ్స్ ఉన్నాడు" అన్న ఆలోచన అవతలివాడి బుర్రలో ఉంటే చాలు, మోచెయ్యి అర అంగుళం కిందికి దిగుతుంది. అది స్కోరు షీట్‌లో కనిపించదు. అతను లేకపోతే ఆ భారం కుర్రాళ్ల మీదే పడుతుంది. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో ఫోర్ నేషన్స్ టోర్నీలో కెనడా, అమెరికా మ్యాచ్ చూశాంగా. మొదటి తొమ్మిది సెకన్లలో మూడు ఫైట్లు: మాథ్యూ కచక్‌తో హేగెల్, బ్రేడీ కచక్‌తో బెనెట్, మిల్లర్‌తో పరేకో. ఆరుగురిలో ఒక్కడూ ఎన్‌ఫోర్సర్ (కొట్లాట కోసమే ఉంచుకునే ఆటగాడు) కాదు. రేపు సెలబ్రీని గ్లోవ్స్ పడేసి పిడికిలి విరగ్గొట్టుకుంటే ఎవరికి నష్టం?

మిసిసాగా_వెంకట్:
టొరంటో లీఫ్స్ అభిమానిగా చెప్తున్నా. రెండు సీజన్లు ఇతన్ని దగ్గరగా చూసిన జట్టు మాది. 2023 జులైలో మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. 2023-24లో 49 మ్యాచ్‌లు, 4 గోల్స్, 2 అసిస్టులు. 2024-25లో 35 మ్యాచ్‌లు, గోల్ లేదు, 2 అసిస్టులు. మార్చిలో రీవ్స్‌ని వేవర్స్ మీద పెట్టి (కావాలంటే వేరే జట్టు తీసుకోవచ్చని వదిలి) మా మైనర్ లీగ్ జట్టు మార్లీస్‌కి పంపారు. ఆ పని చేయించిన కోచ్ ఎవరో గుర్తుందా? క్రెయిగ్ బెరూబీ. తన కెరీర్‌లో 3,149 పెనాల్టీ నిమిషాలు కూర్చున్నవాడు. ఈ ఉద్యోగం విలువ అతనికంటే ఎవరికి తెలుసు? అలాంటివాడే ప్లేఆఫ్స్‌లో 13 మ్యాచ్‌ల్లో ఒక్కదానికీ రీవ్స్‌ని దింపలేదు.

చేతుల్లో బలం తగ్గలేదు, తగ్గింది కాళ్లలో. నాలుగో లైన్ పని ఏంటి? పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లని) అవతలి మూలకి వేయాలి, మొదటివాడు పోయి డిఫెన్స్‌మన్ తల తిప్పేలోపు గుద్దాలి, రెండోవాడు గోడ దగ్గర వచ్చే పాస్‌ని ఆపాలి. మొదటివాడు అర సెకను ఆలస్యంగా చేరితే డిఫెన్స్‌మన్ పక్ వదిలేసి ఉంటాడు. అప్పుడు గుద్దితే ఇంటర్‌ఫియరెన్స్ (పక్ లేనివాణ్ణి అడ్డుకున్నందుకు పెనాల్టీ), గుద్దకపోతే అవతలివాళ్లు ముగ్గురు మీద ముగ్గురు మన జోన్‌లోకి. అక్కడ ఇరుక్కుని ఎవడో ఐసింగ్ చేస్తే (పక్‌ని సొంత సగం నుంచి అవతలి చివరకి కొట్టేస్తే) మనిషిని మార్చే వీల్లేదు. అలసిపోయిన ఆ ముగ్గురి మీదికి అవతలి కోచ్ తన మొదటి లైన్‌ని వదులుతాడు. గోల్స్ పడేది అలా.

2024 నవంబర్ 16న ఎడ్మంటన్ డిఫెన్స్‌మన్ డార్నెల్ నర్స్‌ని కొట్టిన దెబ్బ కూడా ఆ ఆలస్యం నుంచి వచ్చిందే అని నా అభిప్రాయం. నర్స్ నెట్ వెనక నుంచి పక్ తీసుకుని తిరుగుతున్నాడు. కాళ్లు సమయానికి చేరి ఉంటే భుజం ఛాతీకి తగిలేది. చేరలేదు, తలకి తగిలింది. మ్యాచ్ పెనాల్టీ, ఐదు మ్యాచ్‌ల నిషేధం. ఇరవై అయిదేళ్ల రీవ్స్ అదే దెబ్బని శుభ్రంగా కొట్టేవాడు. వయసు వస్తే ఎన్‌ఫోర్సర్ మెత్తబడడు, ప్రమాదకరంగా తయారవుతాడు, అవతలివాళ్లకీ సొంత జట్టుకీ.

ఫ్రీమాంట్_రాజు:
వెంకట్ అన్నా, మరి ఆ ప్లేఆఫ్స్‌లోనే ఫ్లోరిడాతో మొదటి మ్యాచ్‌లో బెనెట్ మోచేత్తో మీ గోలీ స్టోలార్జ్ తల మీద కొట్టాడు. పెనాల్టీ లేదు, నిషేధం లేదు. స్టోలార్జ్ ఆ సిరీస్‌లో మళ్లీ ఆడలేదు. ఏడో మ్యాచ్‌లో 6-1తో ఇంటికెళ్లారు. రీవ్స్ ఉండుంటే బెనెట్ అంత ధైర్యం చేసేవాడా?

మిసిసాగా_వెంకట్:
చేసేవాడు తమ్ముడూ. బెనెట్ రెండో లైన్ సెంటర్. అతని మీదికి వెళ్లాలంటే అతనితో పాటు మంచు మీద ఉండగలగాలి. రీవ్స్‌ని ఆ లైన్ మీద ఆడిస్తే బెనెట్ చేతులతో పనే లేదు, గోల్స్‌తో ముగిస్తాడు. ఆ ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నది అతనే. ఈ రోజుల్లో భయపెట్టే ఆటగాడు అలా ఉంటాడు: గుద్దుతాడు, అవసరమైతే కొట్లాడతాడు, మిగతా సమయంలో స్కోరు చేస్తాడు. ఫ్లోరిడా వరసగా రెండు కప్పులు గెలిచింది అలాంటివాళ్లతోనే.

బ్లూలైన్_హరిణి:
భయపెట్టడం గురించే మాట్లాడుకుంటే శాన్ హోసే వాళ్లకి 2019 ఏప్రిల్ 23 ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. వేగస్‌తో ఏడో మ్యాచ్, మూడో పీరియడ్‌లో 3-0తో వెనకబడి ఉన్నాం. ఫేసాఫ్ (రిఫరీ పక్ వదిలి ఆట మొదలుపెట్టడం) దగ్గర వేగస్ ఆటగాడు ఈకిన్ క్రాస్‌చెక్ చేశాడు (కర్రతో తోశాడు), మన పవెల్‌స్కీ తల మంచుకి కొట్టుకుని రక్తం కారింది. ఐదు నిమిషాల మేజర్ పెనాల్టీ. ఎవరూ ఎవరి కాలర్ పట్టుకోలేదు. కూచర్, హర్టల్, మళ్లీ కూచర్, లబాంక్: ఆ ఒక్క పెనాల్టీలో నాలుగు గోల్స్. ఓవర్‌టైమ్‌లో 5-4 చేసింది నాలుగో లైన్ ఆటగాడు బార్‌క్లే గుడ్రో. ఆ రాత్రి అవతలి జట్టులో ఎన్‌ఫోర్సర్‌గా ఉన్నది ఎవరు? ర్యాన్ రీవ్సే. అదే సిరీస్ మూడో మ్యాచ్‌లో ఎవాండర్ కేన్‌తో కొట్లాడాడు కూడా. ఆ ఫైట్ సిరీస్‌ని మార్చలేదు, పవర్ ప్లే మార్చింది. ఆ మేజర్ గురించి లీగ్‌లో ఎంత రభస జరిగిందంటే, తర్వాతి సీజన్ నుంచి మేజర్లని రిఫరీలు వీడియోలో చూసుకునేలా రూల్ మార్చారు.

కుర్రాళ్లని కాపాడాలంటే మొదటి పవర్ ప్లే యూనిట్‌ని పదునుపెట్టండి. సెలబ్రీనిని ముట్టుకున్నందుకు గోల్ పడుతుందని తెలిస్తే, ముందు వాళ్ల కోచే వాళ్లని ఆపుతాడు.

ఫ్రీమాంట్_రాజు:
హరిణి గారు చెప్పిన గుడ్రో ఇప్పుడు మళ్లీ మన దగ్గరే ఉన్నాడు. 2021-22లో రేంజర్స్‌లో రీవ్స్, గుడ్రో కలిసి ఆడారు. గ్రియర్ ఆలోచన డ్రెస్సింగ్ రూమ్ గురించి అనుకుంటున్నా. వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిన జట్టులో 19 ఏళ్లవాళ్లు తలలు వాల్చేస్తారు. 2010 నుంచి లీగ్‌లో ఉన్నవాడు, సెయింట్ లూయిస్, పిట్స్‌బర్గ్, వేగస్, న్యూయార్క్, మిన్నెసోటా, టొరంటో అన్నీ చూసినవాడు పక్కన ఉంటే తేడా ఉంటుంది. అతను ఉత్త పిడికిలి మాత్రమే కాదు. 2018లో వేగస్‌ని స్టాన్లీ కప్ ఫైనల్‌కి చేర్చిన గోల్ అతనిదే, అదీ సొంత ఊరు విన్నిపెగ్‌లో.

బ్లూలైన్_హరిణి:
డ్రెస్సింగ్ రూమ్ మాట కాదనను. దానికి 13వ ఫార్వర్డ్‌గా ఉంటే చాలు, స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగక్కర్లేదు.

నీలిమంచు:
ఇందాకటి నుంచి అందరూ జట్టు లాభనష్టాలే లెక్కేస్తున్నారు. మనిషి సంగతి కూడా చూడాలి.

ఫైట్‌లో ఏం జరుగుతుందో గమనించండి. గ్లోవ్స్ పడ్డాక మొదటి పని దెబ్బ కాదు, పట్టు. ఎడమ చేత్తో అవతలివాడి కుడి భుజం దగ్గర జెర్సీ గుప్పిట్లో బిగించి ఆ చెయ్యి లేవకుండా ఆపాలి. జెర్సీ తలమీదికి రాకుండా వెనక ప్యాంటుకి పట్టీతో కట్టి ఉంటుంది. అది కట్టకుండా జెర్సీ ఊడితే గేమ్ మిస్‌కాండక్ట్. కాళ్ల కింద ఉన్నది రెండు సన్నటి బ్లేడ్లు. నిలబడగలుగుతున్నారంటే ఒకరినొకరు పట్టుకోవడం వల్లే. పట్టు జారిన క్షణంలో కిందవాడి తల వెనక భాగం నేరుగా మంచుకి తగులుతుంది. హెల్మెట్ అప్పటికే ఊడిపోయి ఉంటుంది. అసలు ప్రమాదం పిడికిలి కాదు, ఆ పడటం. సొంత హెల్మెట్ తీసి కొట్లాటకి దిగితే అదనంగా రెండు నిమిషాలు అని 2013లో రూల్ పెట్టింది అందుకే.

2024 మార్చిలో రీవ్స్ కొట్లాడింది మ్యాట్ రెంపీతో. 6 అడుగుల 9 అంగుళాలు, 21 ఏళ్లు. రీవ్స్ కంటే ఏడంగుళాలు పొడుగు, 15 ఏళ్లు చిన్న. ఈ లీగ్‌లోకి కొత్తగా వచ్చే ప్రతి ఫైటర్ పేరు తెచ్చుకోవడానికి వెతికేది రీవ్స్‌నే.

బాబ్ ప్రోబర్ట్ 45 ఏళ్లకి పోయాడు, డెరెక్ బూగార్డ్ 28 ఏళ్లకి. ఇద్దరి మెదడులోనూ సీటీఈ (తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు) ఉందని పరీక్షల్లో తేలింది. క్యూబెక్ జూనియర్ లీగ్ 2023-24 నుంచి ఫైటింగ్‌ని నిషేధించింది. 39 ఏళ్ల మనిషిని కేవలం కొట్లాట కోసం దింపమని అడిగేవాళ్లం ఇవి తెలిసే అడుగుతున్నాం.

శ్రీకర్_టీల్:
నీలిమంచు గారూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయితే రీవ్స్‌ని ఎవరూ బలవంతం చేయట్లేదు. తన ఇష్టంతోనే ఆడుతున్నాడు, ఆ ఉద్యోగం తనకి కావాలి.

క్యాప్‌ఫ్రెండ్:
ఎవరూ ఎత్తని విషయం, రోస్టర్ (జట్టులో ఉంచుకునేవాళ్ల జాబితా). జీతం సమస్య కాదు. క్యాప్ (జట్టు మొత్తం జీతాల పరిమితి) 9.55 కోట్ల డాలర్లకి పెరిగింది, మనకి బోలెడంత ఖాళీ ఉంది. రేపు మన మైనర్ లీగ్ జట్టు బారకుడాకి పంపినా 11.5 లక్షలు లెక్కలోంచి పోతాయి, మిగిలేది 2 లక్షలే. అసలు ఇబ్బంది 23 మంది పరిమితి. మిసా, సామ్ డికిన్సన్ ఇద్దరూ కెనడా జూనియర్ లీగ్ నుంచి వచ్చినవాళ్లు, 20 నిండలేదు. వీళ్లని మైనర్ లీగ్‌కి పంపే వీల్లేదు. ఇక్కడ ఉంచాలి, లేదా జూనియర్‌కి తిప్పి పంపాలి. తొమ్మిది మ్యాచ్‌లు దాటితే మొదటి కాంట్రాక్టులో ఒక ఏడాది కరిగిపోతుంది. ఉంచుకుంటే ఆడించాలి, ప్రెస్ బాక్సులో కూర్చోబెట్టడానికి కాదు. అంటే ఇద్దరు కుర్రాళ్లు 23లో స్థిరంగా ఉంటారు. ముగ్గురు గోలీలు ఉన్నారంటే మిగతావాళ్లకి చోటు ఇంకా తగ్గుతుంది. ఒక డిఫెన్స్‌మన్‌కి గాయమైన రోజు రీవ్స్ చోటే ముందు కావాల్సి వస్తుంది.

వేవర్స్ మీద పెడితే ఎవరైనా పట్టుకుపోతారని భయం కూడా లేదు. మార్చిలో 24 గంటలు ఉన్నా ఎవరూ తీసుకోలేదు.

శ్రీకర్_టీల్:
సరే, 82 మ్యాచ్‌లూ ఆడించమని పట్టుబట్టను. మన ఐస్ మీద, ఎంచుకుని 25 మ్యాచ్‌లు. హోమ్‌లో చివరి మార్పు మనది, అవతలి కోచ్ ముందు తన లైన్‌ని దింపాలి. వాళ్ల నాలుగో లైన్ వచ్చినప్పుడే మన కోచ్ వార్సాఫ్‌స్కీ రీవ్స్‌ని దింపొచ్చు. బయట మ్యాచ్‌ల్లో వద్దు. అనహైమ్‌లో రాస్ జాన్‌స్టన్ ఉన్నాడు, గూడస్ ఉన్నాడు. ఆ అనహైమ్ డక్స్ ఇక్కడికి వచ్చిన రోజు రీవ్స్ లేకపోతే ఎలా?

మిసిసాగా_వెంకట్:
హోమ్‌లో మాత్రమే అన్నది మంచి ఆలోచన. ఫేసాఫ్ మన జోన్‌లో ఉన్నప్పుడు మాత్రం దింపొద్దు. అవతలి జోన్‌లో ఫేసాఫ్, 35 సెకన్ల షిఫ్ట్, వెంటనే బెంచీ. అలా ఆడించినప్పుడే మాకు కాస్త పనికొచ్చాడు.

బ్లూలైన్_హరిణి:
25 కూడా ఎక్కువే, అయినా ఆ లెక్కతో నేను రాజీపడగలను. ఒక్క షరతు. ఎడ్మంటన్‌తో ఏ మ్యాచ్‌కీ వద్దు, హోమ్‌లో అయినా సరే. వాళ్లూ మనలాగే పసిఫిక్ డివిజనే, ఏడాదికి మూడు నాలుగు సార్లు ఎదురవుతారు. ఆ దెబ్బని నర్స్ మరిచిపోయి ఉండడు. రీవ్స్ దిగితే మొదటి షిఫ్ట్‌లోనే లెక్క తేల్చుకోవాలని వస్తాడు. మెక్‌డేవిడ్, డ్రైసైటల్ ఉన్న పవర్ ప్లేకి ఒక్క పెనాల్టీ ఇచ్చినా మన పని అయిపోయినట్టే.

శ్రీకర్_టీల్:
ఎడ్మంటన్ విషయంలో ఒప్పుకుంటున్నా. అనహైమ్‌తో మాత్రం దింపాల్సిందే.