డచ్చివాళ్ల 'బార్న్'కి తెలుగు మాట?

పెద్దలకు నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. మొన్న ఆదివారం పిల్లలతో పార్క్ రిడ్జ్ వెళ్లి వోర్టెన్‌డైక్ బార్న్ చూసొచ్చాం. 18వ శతాబ్దంలో డచ్చి రైతులు కట్టుకున్నది, ఇప్పుడు కౌంటీ మ్యూజియం. ఆ సంగతి మా అత్తయ్యకు ఫోన్లో చెప్తూ 'బార్న్' దగ్గర ఆగిపోయాను. పశువుల పాక అన్నాను. "పాక చూడ్డానికి అంత దూరం వెళ్లారా?" అని నవ్వారు. దీనికి తెలుగులో ఏం మాట వాడాలి?

— మా సీమలో కొట్టం అంటామక్కా. ఇంకో మాట వెతకాల్సిన పని లేదు.

— మా గోదావరి వైపు గొడ్ల సావిడి. కానీ సావిట్లో ధాన్యం పెట్టరు కదండీ.

— గాదె అనండి. ఇంగ్లీషు 'బార్న్' కూడా పాత ఇంగ్లీషులో బార్లీ పెట్టుకునే ఇల్లు అనే అర్థంతోనే పుట్టింది.

— గాదెలోకి బండి వెళ్తుందా అన్నా? అక్కడ బండి తోలుకుని లోపలికే పోతారు!

— అమ్మా, ఆలస్యంగా చూశాను. ఒక్క మాట దొరకకపోవడం మన భాష లోటు కాదు. మన పంట ఎండాకాలం ముందు చేతికొస్తుంది కాబట్టి కళ్లం ఆరుబయటే. గొడ్లు పాకలో, గడ్డి వామిలో, గింజలు గాదెలోనో పురిలోనో. నాలుగు పనులు నాలుగు చోట్ల, అందుకే నాలుగు మాటలు. చలీ మంచూ ఉన్న చోట ఆ నాలుగూ ఒకే కప్పు కిందికి రావాలి.

డచ్చివాళ్ల బార్న్‌లో నడిమి భాగం మొత్తం కళ్లమే. మందపాటి పలకలు పరిచిన నేల మీద గోధుమ నూర్చేవారు. అటూ ఇటూ పంచల్లో ఆవులు, గుర్రాలు, తలలు కళ్లం వైపు పెట్టి. పైన దూలాల మీద వాసాలు వదులుగా పరిచిన అటక, దాని మీద పనలు. చూరు కిందికి, కప్పు నిటారుగా. బండి తలుపులు త్రికోణపు గోడల వైపు ఉంటాయి. ఇంగ్లీషువాళ్ల బార్న్‌లో మాత్రం పొడుగు గోడకి. దూరం నుంచి చూసి ఎవరిదో చెప్పేయొచ్చు.

అందుకని నా ఓటు కళ్లానికే. 'కళ్లపు కొట్టం' అంటే మూడొంతుల అర్థం వచ్చేస్తుంది.

— మాస్టారూ, బాగుంది! ఇంకో చిక్కు. రెండు స్తంభాల్ని కలిపే పెద్ద దూలాన్ని అక్కడ 'యాంకర్ బీమ్' అన్నారు. మా అబ్బాయి 'లంగరు దూలం' అని అనువదించేశాడు. ఓడ సామానేమో అనిపించింది.

— లంగరు వద్దమ్మా. డచ్చిలో 'ఆంకర్' అంటే లంగరే కాదు, గోడని దూలానికి పట్టి ఉంచే ఇనప బిగింపుకీ అదే మాట. 'బిగింపు దూలం' అంటే చాలు. దాని చివర చూశావా? స్తంభంలో తొలిచిన బెజ్జంలోంచి నాలుకలా బయటికి పొడుచుకొస్తుంది. చాలా చోట్ల దాన్ని గుండ్రంగా చెక్కి వదిలారు. నాలుకలో కొయ్య చీలలు దిగ్గొట్టి బిగిస్తారు. రెండు స్తంభాలూ మధ్య దూలమూ కలిసి ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. ఇలాంటి చట్రాలు వరసగా నిలబెడితే బార్న్ అయింది.

ఆ కొయ్య చీలలే ఇవాళ ఈ బార్న్‌లని బతికిస్తున్నాయి. జాగ్రత్తగా ఊడదీస్తే చట్రం చట్రంగా విడిపోతుంది, ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో మేబీ ఫామ్ అనే మ్యూజియంలో ఉన్న బార్న్ అలా వేరే ఊరి నుంచి తరలించి తెచ్చినదే. పాత వడ్రంగులు ఏ కొయ్య ఎక్కడ కూర్చోవాలో ఉలితో రోమన్ అంకెలు గీసి పెట్టుకునేవారు, విప్పేవాళ్లకి అవీ సాయం. కాకపోతే ఆ దూలాల అందం చూసి కొనుక్కెళ్లి కొత్త ఇళ్లలో హాలుకి బిగించుకునేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే దాన్ని కాపాడటం అనకూడదు. ఇక ఉన్నచోట నిలవాలంటే ముందు కప్పు కారకుండా చూడాలి, తడి దిగితే అడుగు దుంగలు పుచ్చిపోతాయి.

— 1664లో డచ్చివాళ్ల న్యూయార్క్, న్యూజెర్సీ సీమ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది కదా సార్, మరి 18వ శతాబ్దంలో డచ్చి బార్న్ ఎలా?

— జెండా మారింది, వడ్రంగి మారలేదు! 19వ శతాబ్దం మొదటి వరకూ అలాగే కట్టారు. 1825లో పడమటి ఈరీ సరస్సుని హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువ తెరిచాక పడమటి గోధుమ చవగ్గా దిగింది, ఇక్కడివాళ్లు పాడికి మళ్లారు. కళ్లం పని తగ్గిపోయింది.

— బందరువాణ్ణి, ఒక్క ముక్క. మా ఊళ్లో వలందపాలెం ఉంది. హాలండువాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే మా రేవులో వ్యాపారం పెట్టారు. వాళ్లకి మనం పెట్టుకున్న పేరుండగా 'డచ్' ఎందుకు? 'వలందుల కళ్లపు కొట్టం' అనండి.

— అందరికీ థాంక్స్. ఇందాకే అత్తయ్యకు మళ్లీ ఫోన్ చేసి, "వలందులు కప్పు కింద పెట్టుకున్న కళ్లం" అన్నాను. ఈసారి నవ్వలేదు. కాసేపాగి, "మరి తూర్పారబట్టడానికి గాలి?" అన్నారు. రెండు వైపులా ఎదురెదురు తలుపులున్నాయి అత్తయ్యా, రెండూ తెరిచి పెట్టేవారట అన్నాను. "ఆఁ, అలా చెప్పు" అన్నారు.