ఉక్రెయిన్ సివిల్ కోడ్ 652: ఒప్పందాన్ని సవరించిన తీర్పులు ఎలా వెతకాలి?

పరిస్థితులు సమూలంగా మారినప్పుడు కోర్టు ఒప్పందాన్ని ఏం చేయగలదన్న అంశంపై జర్మన్ సివిల్ కోడ్ (బీజీబీ) 313, ఫ్రెంచ్ సివిల్ కోడ్ 1195, ఉక్రెయిన్ 652 అధికరణాలను పోలుస్తున్నాను. జర్మనీలో ముందు సవరణ, అది కుదరకపోతేనే రద్దు. ఉక్రెయిన్‌లో తిరగేసి ఉంది: రద్దే మామూలు దారి, సవరణ 652లోని 4వ భాగం కింద అరుదైన మినహాయింపు. రద్దుకైనా 2వ భాగంలోని నాలుగు షరతులూ ఒకేసారి కుదరాలి. చిక్కంతా అక్కడే.

ఉక్రెయిన్ కోర్టు తీర్పుల ఏకీకృత రిజిస్టర్‌లో కసేషన్ (సుప్రీంకోర్టులో చివరి అప్పీలు) స్థాయి, రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైన 2022 ఫిబ్రవరి 24 తర్వాతి తేదీలు పెట్టి, అధికరణం సంఖ్యతో ఉక్రేనియన్‌లోనే వెతికాను. అద్దె తగ్గింపు కేసులు (762వ అధికరణం, 4, 6 భాగాలు), 617వ అధికరణం కింద ఫోర్స్ మజూర్ (చేతిలో లేని అనివార్య పరిస్థితి) వాదనలు కలగాపులగంగా వచ్చిపడ్డాయి. ‘పరిస్థితుల గణనీయ మార్పు’కు కోడ్ వాడిన మాటనే కొటేషన్లలో పెట్టినా అంతే. ఎందుకంటే దావా కొట్టేసిన తీర్పులూ ఆ మాటనే ఉటంకిస్తాయి. యంత్రానువాదం ‘సవరణ’నూ ‘రద్దు’నూ కలిపేస్తోంది, దాన్ని నమ్మలేను.

4వ భాగం కింద ఒప్పందాన్ని నిజంగా సవరించిన తీర్పులు మాత్రమే తేలాలంటే, తీర్పు చివరి ఆదేశ భాగంలో వచ్చే ఏ పదబంధంతో వెతకాలి?