నాపరాళ్లా, నల్లరాళ్లా?

చిక్కడపల్లి పాఠకుడు: వంటింటికి మరమ్మతు చేయిస్తున్నాను. గ్యాస్ పొయ్యి వెనక గోడకు ఏమి వేయాలని మేస్త్రీ అడిగితే, పాత ఇంట్లో అమ్మ పొయ్యి దగ్గరి బండ గుర్తొచ్చి ‘నాపరాయి’ అన్నాను. అప్పటి నుంచి పల్నాటి ఊళ్లను వేళాకోళం చేస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువు (విడి పద్యం) నాలుక మీద ఆడుతోంది: ‘చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు / నాగులేటి నీళ్లు … / సజ్జ జొన్న కూళ్లు సర్పంబులును తేళ్లు / పలనాటి సీమ పల్లెటూళ్లు’. ‘నాగులేటి నీళ్లు’ తరువాత నాపరాళ్లా, నల్లరాళ్లా? నాన్నగారు ‘నల్లరాళ్లు’ అనే చదివేవారు. పనిలో పని, ఆ రాయి వేడికి ఆగుతుందా?

ఆటవెలది: నాపరాళ్లే. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) చూసుకోండి: నా–నా.

కృష్ణాతీరం: ఆ సాక్ష్యం చెల్లదండీ. ఆకారానికి అకారంతో మైత్రి ఉంది కదా, ‘నల్ల’కూ యతి చెల్లుతుంది. గణం అదీ గలమే (గురువు తరువాత లఘువు), ఇదీ గలమే. పాపం నాన్నగారి పాఠాన్ని ఛందస్సుతో కొట్టివేయలేరు.

ఆటవెలది: సరే, అర్థంతో కొట్టివేస్తాను. మొదటి పాదంలో ‘చిన్న చిన్న రాళ్లు’ అయిపోయాయి. మళ్లీ రాళ్లంటే వేరే జాతివి కావాలి. నలుపు రంగే, నాప ఆకారం. గులకరాళ్లు దాటితే పలకరాళ్లు, అదీ వేళాకోళం.

మెహిదీపట్నం: నాప్ అంటే ఉర్దూలో కొలత. కొలిచి కోసిన రాయి కనుక నాపరాయి. ఇంత సులువైనదానికి ఇంత చర్చా?

ఆటవెలది: శ్రీనాథుడిది 15వ శతాబ్ది మాస్టారూ. గోల్కొండలో కుతుబ్‌షాహీలు వచ్చింది 1518లో. అంతకు ముందు ఇక్కడ ఉర్దూ మాట ఎక్కడిది?

మెహిదీపట్నం: బహమనీలు 1347 నుంచే ఉన్నారు, మరిచిపోయారా? పైగా ఆ చాటువు శ్రీనాథుడిదేనని మీకు ఎవరు రాసిచ్చారు? ఊరూ పేరూ లేని చమత్కారాలన్నీ ఆయన ఖాతాలోనే వేశారు.

కృష్ణాతీరం: ఎవరిదైనా ‘పలనాటి సీమ’ అని మాత్రం చదవకండి. ‘పల’ రెండు లఘువులు, పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (గలం గానీ, మూడు లఘువులు గానీ) కాదు. ‘పల్లెనాటి’ అనాలి. ఇది ఎవరూ అడగలేదని తెలుసు.

సున్నపురాయి: అడిగినదానికి నేను చెబుతాను. షాబాదు, తాండూరు, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాళ్లే. నల్లగా ఉండే కడప బండా అంతే, కనుక నాన్నగారు రంగు చూసి అని ఉండవచ్చు. వేడికి భయం లేదు. ఆ రాయి సున్నం కావాలంటే బట్టీలో 800 డిగ్రీలు దాటాలి, సున్నం బట్టీల ఊరు పిడుగురాళ్ల వాళ్లను అడగండి. దాని శత్రువు పులుపు. చారు చిందినా, నిమ్మకాయ పిండినా మెరుగు పోయి తెల్లమచ్చ పడుతుంది. నూనెనూ పీల్చుకుంటుంది. సీలర్ (రాయి పీల్చుకోకుండా ఆపే పూత) పూయించి, ఏడాదికోసారి మళ్లీ పూయించే ఓపిక ఉంటే వేయించండి. లేకపోతే గ్రానైటో, పింగాణీ టైల్సో వేయించి, సందుల్లో ఎపాక్సీ నింపించండి. గాజు అయితే టఫెన్డ్ గాజు. పీవీసీ పలకలు, ఆక్రిలిక్ వద్దు. క్వార్ట్జ్ పలకలో రెసిన్ ఉంటుంది, మంటకు దగ్గరగా అదీ వద్దు.

మెహిదీపట్నం: ‘సజ్జ జొన్న కూళ్లు’ మరిచారు. మా వంటింట్లో సజ్జ ఉంది, దాని మీద డబ్బాలున్నాయి. జొన్న లేదు.

ఆటవెలది: అది వేరే సజ్జ!

మెహిదీపట్నం: ఒక్కటే అని నేను నిరూపించగలను. రేపు రాస్తాను.

చిక్కడపల్లి పాఠకుడు: అందరికీ ధన్యవాదాలు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పులుసే. గ్రానైట్ అని మేస్త్రీకి చెప్పేశాను. కానీ నాప, నల్ల తేలలేదు. నాన్నగారి పాత నోటుపుస్తకం అటక మీద ఉండాలి, ఆదివారం దించి చూస్తాను.

కృష్ణాతీరం: తప్పక చూడండి. చూసేటప్పుడు ఆయన ‘నీళ్ళు’ రాశారా, మీలాగా ‘నీళ్లు’ రాశారా అన్నదీ చెప్పండి. ళకు ళ వత్తే సరైనదని నా పట్టు.

ఆటవెలది: మొదలుపెట్టారు.