ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఆఖెన్ దాకా రైల్లో ఒక్కణ్నే వెళ్లాలి: టికెట్, సామాను, జాగ్రత్తలు చెప్పగలరా?

తార్నాక_ఎంఎస్

అన్నలకు, అక్కలకు నమస్తే. సెప్టెంబర్ మూడో వారంలో శంషాబాద్ నుంచి చదువు కోసం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నా. అక్కడి నుంచి రైల్లో ఆఖెన్ చేరాలి. ఫ్లైట్ పొద్దున 7:30కి దిగుతుంది. రెండు 23 కిలోల సూట్‌కేసులు, ఒక బ్యాక్‌ప్యాక్ ఉంటాయి. 9 గంటల రైలుకు చాలా చౌకగా టికెట్ కనిపిస్తోంది, కొనేయాలా? డాయిష్‌లాండ్ టికెట్ (అక్కడి నెలవారీ పాస్) తీసుకుంటే దాంతోనే వెళ్లిపోవచ్చని ఒకరన్నారు, నిజమేనా? సామాను రైల్లో ఎక్కడ పెట్టాలి? మన దగ్గరలా గొలుసు, తాళం పట్టుకెళ్లాలా? దొంగతనాల గురించి అమ్మ బాగా భయపడుతోంది.

ఆఖెన్_అక్క

తమ్ముడూ, ఆ 9 గంటల టికెట్ కొనకు. చౌకగా కనిపించేది సూపర్ స్పార్‌ప్రైస్ అనే రకం టికెట్. ఏ రైలుకు కొన్నావో ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, రద్దు చేసుకున్నా డబ్బు వెనక్కి రాదు. రైలే లేటై గమ్యానికి 20 నిమిషాలు, అంతకు మించి ఆలస్యంగా చేరేలా ఉంటే వేరే రైలెక్కనిస్తారు. నీ ఫ్లైట్ లేటయితే మాత్రం రైల్వేకు సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. 7:30కి దిగినా ఇమిగ్రేషన్ లైను, బెల్టు దగ్గర సూట్‌కేసులు, స్టేషన్ దాకా నడక, అన్నీ కలిపి గంటన్నరలో తేలవు. కనీసం మూడు గంటలు వదిలి 10:30 తర్వాతి రైలు చూసుకో. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే ఫ్లెక్స్‌ప్రైస్ తీసుకో. ఖరీదెక్కువే, కానీ ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. ఫ్లైట్ టికెట్‌తో కలిపి రైల్ అండ్ ఫ్లై అనే రైలు టికెట్ ఇస్తారేమో మీ ట్రావెల్ ఏజెంటును ఒకసారి అడుగు. అది ఉంటే ఫ్లైట్ లేటయినా తర్వాతి రైల్లో వెళ్లొచ్చు.

సికింద్రాబాద్‌లో కన్‌ఫర్మ్ టికెట్ అంటే బెర్త్ ఉన్నట్టే కదా. అక్కడ టికెట్ వేరు, సీటు వేరు. వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ ఏమీ ఉండవు. టికెట్ ఉన్నవాళ్లంతా ఎక్కుతారు, సీటు దొరక్కపోతే నిలబడతారు. సీటు కావాలంటే విడిగా రిజర్వ్ చేసుకోవాలి, సెకండ్ క్లాసులో 2025 ధర 5.50 యూరోలు. రెండు సూట్‌కేసులతో వెళ్లేవాడివి, ఈ డబ్బు మిగుల్చుకోకు. ఎక్కిన 15 నిమిషాల్లోపు ఆ సీట్లో కూర్చోవాలి, లేకపోతే రిజర్వేషన్ పోతుంది.

ఇక డాయిష్‌లాండ్ టికెట్. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. ఆర్ఈ, ఆర్‌బీ (ప్రాంతీయ రైళ్లు), ఎస్-బాన్ (లోకల్ రైళ్లు), ఊ-బాన్ (మెట్రో), ట్రామ్, సిటీ బస్సులకు చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, యూరోస్టార్ లాంటి దూరపు వేగం రైళ్లు ఎక్కనివ్వరు. విమానాశ్రయం నుంచి దాంతోనే ఆఖెన్ చేరాలంటే రెండు మూడు చోట్ల రైలు మారాలి, నాలుగు గంటలు దాటుతుంది. మార్పు మార్పుకూ 46 కిలోలు ఈడ్చుకుంటూ మెట్లు, లిఫ్టులు వెతుక్కోవాలి. మొదటి రోజు ఆ పని పెట్టుకోకు, ఐసీఈలోనే వెళ్లు.

లింగంపల్లి_లోకో

అక్క టికెట్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను స్టేషన్, సామాను గురించి రాస్తా.

విమానాశ్రయంలో రైల్వే స్టేషన్లు రెండు. దూరపు రైళ్లు ఫెర్న్‌బాన్‌హోఫ్ నుంచి బయల్దేరతాయి, అక్కడ 4 నుంచి 7 ప్లాట్‌ఫారాలు. 1 నుంచి 3 వరకు ఉన్నది రీజనల్ స్టేషన్, ఎస్-బాన్ అక్కడే ఆగుతుంది. రెండూ టెర్మినల్ 1 దగ్గరే. నీ విమానం వేరే టెర్మినల్‌కు వస్తే ముందు టెర్మినల్ 1కి చేరుకో. ప్లాట్‌ఫారాన్ని గ్లైస్ అంటారు. ఆఖరి నిమిషంలో గ్లైస్ మారడం అక్కడ మామూలే. జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో రైలు నంబరు పెట్టి బయల్దేరే ముందు రెండుసార్లు చూసుకో.

మనకు కోచ్ పొజిషన్ బోర్డు ఉన్నట్టే అక్కడ ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి. నీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్ చెబుతుంది, పది నిమిషాల ముందే అక్కడ నిలబడు. కొన్ని ఐసీఈలు రెండు సెట్లు కలిపి నడుస్తాయి, దారిలో విడిపోయి చెరోవైపు పోతాయి. ఎక్కేముందు బోగీ పక్కనున్న తెర మీద ఊరి పేరు చదువు. రైలు వస్తోందని చెప్పాక గీత దాటొద్దు. సూట్‌కేసు చక్రాలు ప్లాట్‌ఫారం వాలుకు దొర్లుతాయి, పిడి వదిలి ఫోను చూడకు.

కొలోన్‌లో రైలు మారాల్సి వస్తే ఒక తిరకాసు ఉంది. కొన్ని ఐసీఈలు కొలోన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కు (ప్రధాన స్టేషన్‌కు) వెళ్లకుండా రైన్ నదికి ఇవతలి ఒడ్డునే, మెసె/డాయిట్స్ అనే స్టేషన్లో ఆగుతాయి. అక్కడ దిగినా కంగారు పడకు. ఆఖెన్ వెళ్లే ఆర్ఈ1, ఆర్ఈ9 అక్కడా ఆగుతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ పేరుందో మాత్రం ముందే చూసుకో. ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో రెండు ఊళ్లున్నాయి: మాయిన్ నది మీది వేరు, పోలెండ్ సరిహద్దులో ఓడర్ నది మీది వేరు. బుక్ చేసేటప్పుడు మాయిన్ అని ఉన్నదే ఎంచుకో. బ్రస్సెల్స్ వెళ్లే ఐసీఈ దొరికితే నేరుగా ఆఖెన్‌లోనే దిగొచ్చు, కానీ నిద్రపోకు. ఆఖెన్ దాటితే తర్వాతి స్టాపు బెల్జియంలోని లియేజ్.

సామాను: ఐసీఈలో పెద్ద పెట్టెలకు మూడు చోట్లు. తలుపు దగ్గర రాక్, బోగీ మధ్యలో రాక్, వీపులు ఆనించిన రెండు సీట్ల నడుమ ఉండే సందు. ఆ సందు అన్నిటికంటే మంచిది, కళ్లెదుటే ఉంటుంది. తలుపు దగ్గరి రాక్ ఆఖరిది, ఎందుకంటే దొంగ ఎంచుకునేది అదే. రైలు ఆగుతుంది, తలుపు మూసుకునే ముందు చేతికందిన పెట్టె తీసుకుని దిగిపోతాడు, నువ్వు లేచేసరికి రైలు కదులుతుంది. అందుకే ప్రతి స్టాపులో ఆ నిమిషంపాటు కళ్లు సామాను మీదే ఉండాలి. మన బెర్తుల కింద ఉన్నట్టు గొలుసు తగిలించుకునే కొక్కేలు అక్కడుండవు, బరువైన గొలుసు దండగ. మీటరు పొడవు సన్నటి కేబుల్ తాళం చాలు. రెండు పెట్టెల పిడులనూ, రాక్ కడ్డీనీ కలిపి వేసెయ్. 23 కిలోలది తల మీది రాక్‌లోకి ఎత్తకు, జారితే కింద కూర్చున్నవాళ్ల మీద పడుతుంది.

ఎక్కేటప్పుడు రెండు పెట్టెలూ లోపలికి చేర్చాకే సీటు వెతుక్కో. ఒకటి లోపల పెట్టొచ్చి రెండోది తెచ్చుకుందామని ప్లాట్‌ఫారం మీద వదలొద్దు. పక్కవాళ్లను "ఒక చెయ్యి వేస్తారా" అని అడుగు, చాలామంది సాయం చేస్తారు. తలుపు దానంతట అది తెరుచుకోకపోతే బటన్ నొక్కాలి. దిగే స్టేషన్‌కు ఐదు నిమిషాల ముందే తలుపు దగ్గరికి చేరు, మధ్య స్టేషన్లలో రైలు ఎక్కువసేపు ఆగదు.

అమ్మగారి భయానికి సమాధానం: అక్కడ బెదిరించి లాక్కునేవాళ్లకంటే ధ్యాస మళ్లించి తీసుకునేవాళ్లతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఒకడు కిటికీ తట్టి ఏదో అడుగుతాడు, ఇంకొకడు వెనకాల నుంచి బ్యాగు తీస్తాడు. బట్టల మీద ఏదో ఒలకబోసి తుడుస్తానంటూ దగ్గరికొస్తారు. టికెట్ మెషీన్ దగ్గర అడక్కుండానే సాయానికి వస్తారు. సంతకం పెట్టమని అట్ట ముందు పెడతారు, దాని కింద చెయ్యి నీ జేబులో ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏది జరిగినా ముందు చెయ్యి బ్యాగు మీద వెయ్యి, జవాబు తర్వాత. పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే జమ చేసిన ఖాతా) కాగితాలు, కార్డులు చొక్కా లోపల వేసుకునే పౌచ్‌లో పెట్టుకో. బాత్రూమ్‌కు వెళ్లినా అది ఒంటి మీదే ఉండాలి. బ్యాక్‌ప్యాక్ కాళ్ల మధ్య.

అమీర్‌పేట్_కార్డ్స్

ఒక్క విషయం కలుపుతా. మన బ్యాంకు కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉండొచ్చు. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి పరిమితి పెంచుకో. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది, కాబట్టి ఆ సిమ్‌లో రోమింగ్ ఎస్ఎంఎస్ పనిచేసేలా చూసుకో. టికెట్ యాప్‌లో ఉన్నా పీడీఎఫ్ ఫోన్లో దాచు, ఒక ప్రింటు తీసుకో. ఛార్జింగ్ అయిపోయిందంటే చెకర్ ఒప్పుకోవాలని లేదు. టికెట్ లేకుండా దొరికితే కనీసం 60 యూరోల జరిమానా, భాష రాదన్నా తగ్గించరు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందూ వెనకా కాకుండా చూడు. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దు, హ్యాండ్ బ్యాగులోనే.

తార్నాక_ఎంఎస్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి అడుగుతా. ఫ్లైట్ బాగా లేటయి రాత్రి దిగితే? పాస్‌పోర్టే పోతే?

లింగంపల్లి_లోకో

అర్ధరాత్రి దిగితే విమానాశ్రయం వదలకు. రైలు కోసం ఊళ్లోని ఫ్రాంక్‌ఫర్ట్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కు వెళ్లి ఎదురుచూద్దామనుకోకు. ఆ స్టేషన్ ఎదుటి వీధుల్లో మత్తుమందుల బెడద ఉంది, సామానుతో అక్కడ తిరగొద్దు. టెర్మినల్‌లోనే జనం ఉన్నచోట కూర్చుని తెల్లవారాక మొదటి రైలు పట్టుకో. తప్పనిసరిగా రాత్రి రైలెక్కితే ఖాళీ బోగీలో ఒక్కడివే కూర్చోకు.

ప్రమాదం, వైద్యం, మంటలు అయితే 112. పోలీసులకు 110. రెండూ ఉచితం. పెద్ద స్టేషన్లలో బుండెస్‌పోలిజై (ఫెడరల్ పోలీసులు) వాళ్ల గది ఉంటుంది. ప్లాట్‌ఫారాల మీద సహాయం కోసం నొక్కే బటన్లున్న స్తంభాలు కనిపిస్తాయి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు నకలు తీసుకో, ఆ కాగితం లేకుండా ఏ పనీ ముందుకు సాగదు. తర్వాత భారత కాన్సులేట్. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబుర్గ్‌లలో కాన్సులేట్లు, బెర్లిన్‌లో రాయబార కార్యాలయం ఉన్నాయి. ఆఖెన్ నుంచి ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇప్పుడే చూసి రాసిపెట్టుకో. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ స్కాన్ చేసి మెయిల్‌లో ఉంచు, ఒక సెట్టు అమ్మ దగ్గర ఉంచు.

ఆఖెన్_అక్క

డాయిష్‌లాండ్ టికెట్ గురించి ఒకటి మరిచిపోయా. అది నెలనెలా దానంతట అదే కొనసాగే చందా. నెలాఖరుకు ఆగాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి. నువ్వు మూడో వారంలో దిగి కొంటే 10 దాటిపోయి ఉంటుంది కాబట్టి అక్టోబర్ డబ్బు కూడా కోస్తారు. అప్పటికి అక్టోబర్ 1 నుంచి సెమిస్టర్ టికెట్ మొదలవుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో అది డాయిష్‌లాండ్ టికెట్టే, ధరలో 60 శాతానికి, ఫీజుతో కలిపే తీసుకుంటారు. ఒకే నెలకు రెండుసార్లు కట్టినట్టవుతుంది. ఆ పది రోజులకు ఊళ్లో బస్సు టికెట్లు విడివిడిగా కొనుక్కో, లేదా ఈజీ (eezy) టికెట్ ఉన్న యాప్ వాడు. అది ఎక్కిన చోటికీ దిగిన చోటికీ మధ్య నేరు దూరాన్ని బట్టి డబ్బు తీసుకుంటుంది. దిగాక చెక్-అవుట్ నొక్కడం మాత్రం మరవకు.