మైపాడు, ఉదయగిరి, భైరవకోన ట్రిప్: 200డీకి ఏ వైడ్ లెన్స్ తీసుకోవాలి?

పెన్నాగట్టు, నెల్లూరు

నా దగ్గర కెనాన్ 200డీ కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎస్‌టీఎం లెన్స్ ఉన్నాయి. డిసెంబర్ మూడో వారంలో మూడు రోజులు తిరగాలని ప్లాన్. మైపాడు బీచ్‌లో సూర్యోదయం, తర్వాత ఉదయగిరి కొండ, అట్నుంచి భైరవకోన, టైముంటే కంభం చెరువు. లెన్స్‌కి 25 వేలు దాటకూడదు, సెకండ్‌హ్యాండ్ అయినా పర్లేదు. కెనాన్ 10-18, టోకినా 11-16 ఎఫ్/2.8 మధ్య తేల్చుకోలేకపోతున్నా (ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేమ్‌లో ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది). రాత్రిపూట పాలపుంత తీయాలని ఆశ, అందుకే టోకినా వైపు మనసు లాగుతోంది. ఇంకో అనుమానం: ఉదయగిరి కొండ మొత్తం ఒక్క ఫ్రేమ్‌లో పట్టాలంటే 10 ఎంఎం తప్పదా?

కావలి_ఫ్రేమ్స్

మీరు వెళ్లే నెలకి టోకినా దండగ. పాలపుంత నడిబొడ్డు ఉండేది ధనుస్సు రాశి వైపు. ధనుర్మాసంలో సూర్యుడు కూడా అక్కడే ఉంటాడు. ఆ వెలుగు భాగం సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తుంది కాబట్టి రాత్రి కనపడే ప్రశ్నే లేదు. దానికి ఫిబ్రవరి చివర తెల్లవారుజాము నుంచి సీజన్ మొదలు, జూన్, జులైల్లో దాదాపు రాత్రంతా ఉంటుంది. డిసెంబర్‌లో దొరికేవి కృత్తికలు, మృగశిర. వాటికి 10-18 చాలు: 10 ఎంఎం, ఎఫ్/4.5, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 3200, షట్టర్ 20 సెకన్లు. అంతకు మించి తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలు పడటం మొదలవుతుంది. పైగా 10-18 బరువు 240 గ్రాములే, ఐఎస్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంది. టోకినా అరకిలో పైమాటే, ఐఎస్ లేదు. ఉదయగిరి ఎక్కేటప్పుడు ఈ తేడా భుజానికి తెలుస్తుంది.

ఇక కొండ సంగతి. మూడు కిలోమీటర్ల దూరం నుంచి 10 ఎంఎంలో తీశారనుకోండి, కొండ ఫ్రేమ్ మధ్యలో సన్నటి పట్టీలా మిగులుతుంది. పైన అంతా ఖాళీ ఆకాశం, కింద ఖాళీ నేల. అదే చోట 55లో కనిపించే సైజుకి ఐదున్నర రెట్లు చిన్నది. ఇంత వైడ్ లెన్స్ పనికొచ్చేది దూరపు కొండకి కాదు, మీ కాళ్ల దగ్గరున్నదానికి. రెండు మూడడుగుల్లో ఒక బండో, కూలిన బురుజు రాళ్లో, వాన నీళ్ల మడుగో ఉంటే దాన్ని ముందు పెట్టుకుని 10 వాడండి. ఏమీ లేకపోతే ఆ లెన్స్ బ్యాగ్‌లోనే ఉండనివ్వండి. 18-55ని 35 దగ్గర పెట్టి, కెమెరాని నిలువుగా తిప్పి, ఎడమ నుంచి కుడికి ఆరు ఫొటోలు తీయండి. ఒక్కోటి పక్కదాని మీద మూడో వంతు పడాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో కట్టేయాలి, లేకపోతే అతుకుల దగ్గర ఆకాశం రంగు మారి దొరికిపోతుంది. కలిపాక దాదాపు వంద డిగ్రీల వెడల్పు వస్తుంది, కొండ కొండలాగే ఉంటుంది.

చీమకుర్తి_గ్రానైట్

కొనే ముందు పేరు మొత్తం చదవండి. మీకు కావాల్సింది ఈఎఫ్-ఎస్ 10-18, ఎఫ్/4.5-5.6. ఆర్‌ఎఫ్-ఎస్ 10-18 అని ఇంకోటి ఉంది, అది మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలకి, 200డీకి ఎక్కదు. సెకండ్‌హ్యాండ్ అయితే వెనక నుంచి టార్చ్ వేసి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి, మన కోస్తా తేమకి అది మామూలే. తర్వాత ట్రైపాడ్ మీద పెట్టి ఇటుక గోడకి ఎదురుగా, సమాంతరంగా 10 ఎంఎం ఎఫ్/5.6లో ఒక ఫొటో. నాలుగు మూలలూ కాస్త మెత్తగా ఉంటే ఫర్వాలేదు. ఒక మూల మాత్రమే బాగా మసకగా ఉంటే లోపలి గాజు పక్కకి జరిగినట్టే, వదిలేయండి. దీని మౌంట్ (కెమెరాకి తగిలించే భాగం) ప్లాస్టిక్‌ది, అక్కడ చీలిక ఉందేమో కూడా చూసుకోండి.

పెన్నాగట్టు, నెల్లూరు

థాంక్స్ అన్నా, ఇద్దరికీ. 10-18కే ఫిక్స్. దీని మీద దూరం అంకెలు ఉండవంటున్నారు, మరి ఫోకస్ ఎక్కడ పెట్టాలి? ఫిల్టర్లు రెండు లెన్స్‌లకీ వేరే వేరే కొనాలా?

కావలి_ఫ్రేమ్స్

10 ఎంఎం, ఎఫ్/8లో ఫోకస్ 70 సెంటీమీటర్ల దగ్గర పెడితే సుమారు 35 సెంటీమీటర్ల నుంచి హోరైజన్ దాకా షార్ప్. అంకెలు లేవు కాబట్టి, ముందు మూరన్నర దూరంలో ఉన్న రాయిని చూసుకోండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద) 10 రెట్లు జూమ్ చేసి దాని మీద ఫోకస్ చేసి, లెన్స్ మీటని ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) జరపండి. ఆ తర్వాత రింగ్ ముట్టుకోవద్దు. ట్రైపాడ్ మీద ఐఎస్ ఆఫ్. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది, ఎఫ్/16 జోలికి పోవద్దు.

ఫిల్టర్లు ఒక సెట్టు చాలు. 10-18కి ఫిల్టర్ వ్యాసం 67 ఎంఎం, మీ 18-55కి 58. అన్నీ 67లో తీసుకుని చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టేలా ఒక 58-67 స్టెప్-అప్ రింగ్ కొనండి. యూవీ ఫిల్టర్ మీద ఇంకోటి ఎక్కించొద్దు, 10 ఎంఎంలో మూలలు నల్లబడతాయి. పోలరైజర్ అనే ఫిల్టర్ భైరవకోన జలపాతం దగ్గర తప్పనిసరి, తడి రాళ్ల మీద తెల్లటి మెరుపు పోయి రాతి రంగు బయటికొస్తుంది. అక్కడ షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను మధ్య. అదే పోలరైజర్‌ని నీలాకాశం మీద 10 ఎంఎంలో వాడితే ఒక పక్క ముదురు, ఒక పక్క లేత అయి పాడవుతుంది.

రామాయపట్నం_అల

మైపాడు గురించి. ఆ వారంలో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, ఆగ్నేయం వైపు దాదాపు 24 డిగ్రీలు జరిగి, ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా వస్తాడు. రంగులు అంతకు అరగంట ముందే మొదలవుతాయి. 10 ఎంఎంలో సూర్యుడు చుక్కంతే, పెద్దగా కావాలంటే 55. వైడ్‌లో తీయాల్సింది వెనక్కి జారే నురగ: మోకాలి ఎత్తులో కెమెరా, అల తిరిగిన క్షణంలో నొక్కడం, అర సెకను నుంచి ఒక సెకను.

ట్రైపాడ్ కాళ్లలో అన్నిటికన్నా కింది సన్నటి ముక్కని ముందు తెరవండి. అప్పుడు లాక్ ఇసకకీ ఉప్పునీటికీ పైన ఉంటుంది. కాళ్లని ఇసకలోకి గట్టిగా దిగేసే వరకు అదమండి, ప్రతి అల తర్వాత కింద ఇసక కోసుకుపోయి ఒక పక్కకి వాలుతుంది. హోరైజన్ మళ్లీ చూసుకోవాలి.

రాత్రి ఏసీ గదిలో పడుకుంటే కెమెరాని బ్యాగ్‌లోనే, జిప్ తీయకుండా, అరగంట ముందు బయట పెట్టండి. చల్లటి గాజు తేమ గాలిలోకి రాగానే ఆవిరి పట్టేస్తుంది, తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దొద్దు, కోటింగ్ గీసుకుపోతుంది. ముందు బ్లోయర్, తర్వాత మంచినీటితో కాస్త తడిపిన మైక్రోఫైబర్.