ఆమదాలవలసలో రైలు దిగాక ఊరికి చివరి బస్సు: టైము మార్చమని అడగాలా, నైట్‌హాల్ట్ అడగాలా?

సరుబుజ్జిలి రోడ్డు:
శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి ఆమదాలవలస మీదుగా సరుబుజ్జిలి మండలం లోపలి ఊరికి వెళ్లే పల్లెవెలుగు గురించి అడుగుతున్నాను. ఊరు ఆమదాలవలసకి 12 కిలోమీటర్లు. చివరి ట్రిప్పు సాయంత్రం 5.40కి ఆమదాలవలస దాటి, 6.05కి ఊరు చేరి, 7.10కల్లా తిరిగి శ్రీకాకుళం వెళ్లిపోతుంది. విశాఖ, విజయనగరం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగేసరికి 6.30 దాటుతుంది. ఇంక షేర్ ఆటోయే గతి. ఆ ట్రిప్పును 7.15కి మార్చమని అర్జీ పెడదామని ఊళ్లో అనుకుంటున్నారు. పొద్దున 8.30కి ఊళ్లో కదిలే ట్రిప్పు మాత్రం పోకూడదు, కాలేజీ పిల్లలంతా దాని మీదే వెళ్తారు. అర్జీలో ఏటి రాయాలి, ఎవరికి ఇవ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

డ్యూటీ చార్టు:
7.15 అని మాత్రం రాయకండి. అలా రాస్తే కుదరదనే జవాబు వస్తుంది, ఆ జవాబు న్యాయమైనదే. ఎందుకో లెక్క చూడండి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం డ్రైవరు, కండక్టరు రోజుకి పనిచేసేది 8 గంటలు. మధ్య విరామాలతో కలిపి డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా 12 గంటలు మించకూడదని ఉండేది. మీ 8.30 ట్రిప్పు నడపాలంటే బస్సు 7.30కి శ్రీకాకుళంలో బయల్దేరాలి, అంటే సిబ్బంది 7.15కే డ్యూటీలో ఉండాలి. అక్కడికి 12 గంటలు లెక్కేస్తే సాయంత్రం 7.15. ఇప్పుడు బస్సు 7.10కి తిరిగొస్తున్నది అందుకే. చివరి ట్రిప్పు 7.15కి ఆమదాలవలసలో ఉంటే, ఊరు 7.40కి చేరి, తిరిగి శ్రీకాకుళం వచ్చేసరికి 8.45. గంటన్నర దాటిపోయింది. అదే సిబ్బందితో చెయ్యాలంటే పొద్దున డ్యూటీ కూడా గంటన్నర వెనక్కి జరగాలి. మీ కాలేజీ ట్రిప్పు అక్కడే పోతుంది.

నైట్‌హాల్ట్ అడగండి. మధ్యాహ్నం 2 గంటలకు ఎక్కే రెండో జట్టు 7.40కి మీ ఊరొచ్చి అక్కడే పడుకుంటారు. పొద్దున 6.30కి బయల్దేరి 7.30కల్లా శ్రీకాకుళంలో బస్సు అప్పజెప్పేస్తారు. రెండు డ్యూటీల మధ్య కనీసం 9 గంటల వరస విశ్రాంతి ఉండాలని అదే చట్టం అనేది. ఇక్కడ పది గంటలకు పైనే దొరుకుతోంది. 7.30కి పొద్దుటి జట్టు అదే బస్సు తీసుకుని మీ 8.30 ట్రిప్పుకి వచ్చేస్తుంది. మీకు ఒక ట్రిప్పు పోకపోగా, పొద్దున రైలు పట్టుకునేవాళ్లకి 6.55కి ఆమదాలవలసలో దింపే బస్సు కొత్తగా వస్తుంది.

ఇందులో డిపోకీ లాభం ఉంది. రాత్రి 7.45కి మీ ఊరి నుంచి శ్రీకాకుళం ఎవరెళ్తారు? ఆ 25 కిలోమీటర్లు ఖాళీ బస్సు. ఈపీకే అంటే వసూలైన డబ్బును తిరిగిన కిలోమీటర్లతో భాగించడమే కదా. తిరుగు ప్రయాణం ఖాళీ అయితే వెళ్లేటప్పుడు వచ్చిన డబ్బు 25కి బదులు 50 కిలోమీటర్ల మీద పంచాలి. నైట్‌హాల్ట్‌లో ఆ తిరుగు ట్రిప్పు తెల్లారి జనంతో వెళ్తుంది.

తలల లెక్క:
పైన చెప్పింది సరైన దారే, కానీ చేతిలో లెక్క లేకుండా వెళ్తే మాటలుగానే మిగిలిపోతుంది. 12 పనిదినాలు స్టేషన్ బయట ఇద్దరు నిలబడి రాయండి. సంక్రాంతి, దసరా రోజులు వద్దు. సంత రోజునీ, ఆదివారాన్నీ వేరే కాగితం మీద రాయండి.

ఇప్పుడున్న బస్సు ఎక్కేవాళ్ల కన్నా, బస్సు లేక ఆటో ఎక్కుతున్నవాళ్లని లెక్కపెట్టడం ముఖ్యం. డిపోకి కనిపించనిది వాళ్లే. ఒక్కొక్కరు ఎక్కడ దిగుతారో కూడా అడగండి, ఎందుకంటే సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పే ఓఆర్‌ని మనుషుల్తో కాదు, మనుషులు వెళ్లిన దూరంతో కడతారు. 50 సీట్ల బస్సు 25 కిలోమీటర్లు వెళ్తే 1250 సీటు కిలోమీటర్లు. కాంప్లెక్స్‌లో ఎక్కిన 30 మంది చివరిదాకా వెళ్తే 750, అంటే 60 శాతం. అదే 30 మంది ఆమదాలవలసలో ఎక్కి 12 కిలోమీటర్లే వెళ్తే 360, అంటే 29 శాతం. అందుకని కాంప్లెక్స్ నుంచి ఆమదాలవలస దాకా ఆ టైములో ఎవరు ఎక్కుతారో కూడా మీ కాగితంలో ఉండాలి. షాపుల్లో పనిచేసి ఇంటికెళ్లే ఆడవాళ్లు ఆ వేళకి చాలామంది ఉంటారు.

వాళ్ల దగ్గరే ఇంకో మెలిక. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు, కానీ జీరో టికెట్ కొట్టించుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే మిషన్లో ఆ మనిషి లేనట్టే, ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బూ ఆ ట్రిప్పుకి పడదు. బస్సు కిక్కిరిసి వెళ్తున్నా కాగితం మీద ఖాళీగా కనబడుతుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి ప్రతి ఒక్కరూ టికెట్ అడిగి తీసుకోవాలని ఊళ్లో ముందే చెప్పండి. పాసు పిల్లల డబ్బు కూడా ముందే కట్టేసింది కాబట్టి ఆ రోజు కలెక్షన్లో రాదు. వాళ్లకి వేరే గడి పెట్టండి.

నాగావళి గట్టు:
కాగితాల సంగతి నేను చెప్తాను. అర్జీ డిపో మేనేజర్‌కి, నకలు జిల్లా ప్రజారవాణా అధికారికి. రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి అర్జీ నంబరు తీసుకోండి. 1100కి ఫోన్ చేస్తే ఆ నంబరు మీద ఎంతవరకూ వచ్చిందో చెప్తారు.

అర్జీకి పంచాయతీ తీర్మానం జత చెయ్యండి. ‘బస్సు కావాలి’ అని మాత్రమే తీర్మానిస్తే సరిపోదు. సిబ్బందికి తాళం పడే గది, ఫ్యాను, మరుగుదొడ్డి, నీళ్లు, బస్సు నిలిపేచోట దీపం పంచాయతీ ఇస్తుందని రాయాలి. నైట్‌హాల్ట్ మొదలై ఆగిపోయేది ఎక్కువగా ఈ గది దగ్గరే. పోలింగుకి వాడే బడి గది చూపిస్తారు, బళ్లు తెరిచాక తాళం ఎవరి దగ్గరుందో తెలీదు.

రోడ్డు కూడా చూసుకోండి. బస్సు ఒక్కసారి వెనక్కి తీసి తిరిగిపోయేంత జాగా ఊరి చివర ఉండాలి. చీకట్లో కండక్టరు దిగి ఈల వేస్తూ వెనక్కి రప్పించాల్సినచోట డ్రైవర్లు రావడానికి ఇష్టపడరు. మలుపుల దగ్గర తుప్పలు కొట్టించండి. వరి నూర్పుల కాలంలో రోడ్డు మీద కళ్లాలు వేస్తే రాత్రి బస్సు ఊళ్లోకి రాదు, ఆ రెండు నెలలూ పంచాయతీయే చూసుకోవాలి.

డిపో లెక్కలు కావాలంటే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద అడగొచ్చు. జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు. ‘మా ఊరికి బస్సు ఎందుకు వెయ్యరు’ అని అడిగితే అది సమాచారం కాదని తిప్పేస్తారు. టికెట్ మీద ఉన్న సర్వీసు నంబరు రాసి, గత 6 నెలల ట్రిప్పులవారీ కలెక్షన్, ఓఆర్, ఈపీకే, రద్దయిన ట్రిప్పుల తేదీలు అని అడగండి. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

సరుబుజ్జిలి రోడ్డు:
చాలా ఉపకారం చేశారండీ. రైలు లేటయితే బస్సును ఆపి ఉంచమని అర్జీలో రాయొచ్చా?

డ్యూటీ చార్టు:
రాయకండి. కండక్టరు ఆపితే ఆ వెనక ఊళ్లవాళ్లంతా ఎదురుచూడాలి. దానికి బదులు టైమే సరిగ్గా ఎంచుకోండి. తలలు లెక్కపెట్టే ఆ 12 రోజులూ రైళ్ల రాకపోకలు చూపించే ఎన్‌టీఈఎస్‌లో ఆ రైలు నిజంగా ఎన్నింటికి వచ్చిందో రాసుకోండి. 12లో 10 రోజులు ఏ టైముకల్లా వచ్చేసిందో చూసి, దాని మీద ప్లాట్‌ఫాం దాటి రోడ్డు మీదికి నడిచేందుకు 15 నిమిషాలు కలపండి. అది 7.15 కాకుండా 7.05 అవ్వొచ్చు, 7.25 అవ్వొచ్చు. నైట్‌హాల్ట్‌లో పది నిమిషాలు అటూఇటూ అయినా డ్యూటీ లెక్క తప్పదు. 2025లో రైళ్ల కొత్త టైంటేబుల్ జనవరి 1న అమల్లోకి వచ్చింది. మీరు అర్జీ పెట్టేది డిసెంబర్లో అయితే, లెక్క జనవరిలో తీసి అప్పుడే ఇవ్వండి.

తలల లెక్క:
అర్జీలో స్టేషన్ పేరు ‘శ్రీకాకుళం రోడ్, ఆమదాలవలస’ అని రెండూ రాయండి. చికాకోల్ రోడ్ అన్న పాత పేరు నుంచి వచ్చిన సీహెచ్ఈ కోడే ఇప్పటికీ టికెట్ల మీద ఉంది. పట్నానికి 13 కిలోమీటర్ల అవతల స్టేషన్ ఉన్నందువల్లే ఇక్కడ రైలు దిగినవాళ్లలో చాలామందికి బస్సు కావాలి. ఆ ముక్క అర్జీ మొదటి వాక్యంలోనే పెట్టండి.