కళింగ యుద్ధం అసలు ఎందుకు జరిగింది?

బరంపురం నుంచి: నిన్న మా పాపను జౌగడ తీసుకెళ్లాను. ఋషికుల్య ఒడ్డున ఉన్న ఊరు. రాతి మీద అశోకుడి అక్షరాలు కొన్ని చోట్ల పెచ్చులూడిపోయాయి. "నాన్నా, అంతమందిని ఎందుకు చంపారు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు: బాబూ, కారణం అశోకుడు ఎక్కడా చెప్పలేదు. ఆయన 13వ శిలాశాసనంలో లెక్క మాత్రం ఉంది: లక్షమంది హతం, లక్షన్నర మంది తరలింపు. రేవుల కోసం, దక్షిణాది దారి కోసం అని చరిత్రకారుల ఊహ. అయితే ఆ శాసనం మన జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు! ఓడిన జనం కళ్లముందు ఆ లెక్క చెక్కించలేదు. బదులుగా "మనుషులందరూ నా బిడ్డలే" అని రాయించాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ మాట దగ్గర ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

రాయగడ నుంచి: యుద్ధాలకు పాత కక్షలు కూడా కారణం కావచ్చు అండి. 1757 బొబ్బిలి యుద్ధం చూడండి. ఫ్రెంచి సేనాని బుస్సీ కప్పం బకాయిల కోసం వచ్చాడు, విజయనగరం రాజు తన పగను ఆయన ఫిరంగులతో తీర్చుకున్నాడు. కోటలో ఆడవాళ్లు, పిల్లలు కూడా బలైపోయారు.

బరంపురం నుంచి: దండాలు మాస్టారూ. ఆ లేని శాసనం సంగతి పాపకు ఇప్పుడే చెప్పాను. ఆదివారం ధౌలి కూడా చూద్దామంటోంది.